జింక్‌కి ఒక దారి, విటమిన్ ఏకి ఇంకో దారి: తిండిగింజల్లో పోషకాలు పెంచే పద్ధతుల్లో ఏది ఎవరికి?

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళేసరికి అమ్మ వసారాలో కూర్చుని రేషన్ బియ్యం చెరుగుతోంది. చాట పక్కన చిన్న గిన్నె, అందులో ఏరిపెట్టిన గింజలు కొన్ని. మిగతా బియ్యం కంటే కాస్త పాలిపోయి, కొసలు మొద్దుగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. "ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారే. కోళ్ళకి వెయ్యడానికి కూడా మనసొప్పట్లేదు" అంది. అవి ఇనుము కలిపిన గింజలమ్మా అంటే, "బియ్యంలో ఇనుమేమిటే, నీ మొహం!" అని కొట్టిపారేసింది.

రెండు గింజలు గోటితో నలిపి చూపించాను, పిండైపోయాయి. ఇంకో రెండు గరిటెలో వేసి పొయ్యి మీద పెడితే అన్నం మాడిన వాసన వచ్చింది. ప్లాస్టిక్ అయితే కరిగి సాగాలి కదా. అమ్మ సగం నమ్మింది.

ఆ సాయంత్రమే తమ్ముడు అడిగాడు, జింక్ ఎక్కువుండే వరి విత్తనం వచ్చిందట, ఎకరంలో వేసి చూడనా అని. రాత్రి అన్నాల దగ్గర మా మరదలు ఫోన్‌లో పసుపురంగు బియ్యం ఫొటో చూపించి, "వదినా, ఇది తింటే పిల్లల కళ్ళకి మంచిదట, ఎక్కడ దొరుకుతుంది?" అంది. వాళ్ళ పాపకి రెండేళ్ళు. ఒకే ఇంట్లో మూడు ప్రశ్నలు. మూడూ 'పోషకాల బియ్యం' గురించే, కానీ మూడింటికీ జవాబు వేరు. అది ఎందుకు వేరో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

తిండిగింజలో పోషకం పెంచడానికి ఇప్పుడు నాలుగు దారులున్నాయి. మిల్లులో కలపడం ఒకటి. పోషకం ఎక్కువున్న రకాన్ని వెతికి, మనం సాగు చేసే రకంతో సంకరం చేయడం రెండోది. వేరే మొక్క నుంచో సూక్ష్మజీవి నుంచో జన్యువు తెచ్చి పెట్టడం, అంటే జీఎం, మూడోది. బయటి జన్యువు లేకుండా ఉన్న జన్యువునే సవరించే జీన్ ఎడిటింగ్ నాలుగోది.

వీటిలో ఏది మంచిది అని వాదించుకోవడం దండగ. మీకు ఏ పోషకం కావాలి, ఆ పంట జాతిలో ఎక్కడైనా అది పుట్టుకతో ఉందా అని అడగండి. ఉంటే సంకరం చాలు, జీఎం గొడవ అక్కర్లేదు. ఎక్కడా లేకపోతే ఎన్ని తరాలు సంకరం చేసినా రాదు. అప్పుడు జన్యువు బయటి నుంచి తేవాలి, లేదా ఆ పోషకం కోసం బియ్యాన్ని వదిలేసి ఇంకో తిండి చూసుకోవాలి. ఇక లోపం ఇవాళే ఉంది, పదేళ్ళు ఆగలేం అనుకున్నచోట మిల్లులో కలపడమే మార్గం.

జింక్: ఇక్కడ సంకరమే గెలిచింది

తమ్ముడి ప్రశ్న తేలికైనది. వరిలో వేల దేశవాళీ రకాలున్నాయి, జింక్ విషయంలో వాటి మధ్య మంచి తేడా ఉంది. మనం మామూలుగా తినే పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుంచి 16 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 45లో 22.6 మిల్లీగ్రాములు, తర్వాత వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 48లో 24 వరకు ఉంటుంది. రెండూ ఆంధ్ర, తెలంగాణల్లో సాగుకి సిఫారసు చేసినవే. రెండూ మామూలు సంకరంతో వచ్చినవే, జీఎం కావు. ఆ మాట తమ్ముడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఊళ్ళో ఎరువుల కొట్టు దగ్గర "అది జీఎం అంట" అని ఎవరో అన్నారట.

ఇంతకీ లాభమెంత? మనిషి రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తింటాడనుకుందాం. కిలోకు 14 ఉన్న బియ్యమైతే 4.2 మిల్లీగ్రాముల జింక్ వస్తుంది, 24 ఉన్నదైతే 7.2 వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కల ప్రకారం ఆడవాళ్ళకి రోజుకు 13 చిల్లర, మగవాళ్ళకి 17 మిల్లీగ్రాములు కావాలి. అంటే అవసరం మొత్తం తీరదు కానీ, కూర మార్చకుండా, మాత్ర మింగకుండా, అలవాటు తప్పకుండా రోజుకు 3 మిల్లీగ్రాములు అదనంగా వచ్చాయంటే చిన్న విషయం కాదు. బియ్యం తెల్లగానే ఉంటుంది, రుచి మారదు. కొత్త తిండి వస్తువు జనంలోకి వెళ్ళాలంటే ఇంతకంటే కావాల్సింది లేదు.

చిక్కు ఎక్కడంటే, కొనేవాళ్ళ దగ్గర. జింక్ కంటికి కనపడదు. మిల్లుకు తోలితే ఆ ధాన్యం మిగతా ధాన్యంతో కలిసిపోతుంది. రైతుకి పైసా ఎక్కువ రాదు. అందుకే తమ్ముడితో అన్నాను, అమ్మకానికి వేసే పొలంలో దిగుబడి, తెగుళ్ళు, మిల్లర్ ఇచ్చే రేటు చూసుకుని నీకు ఏది కుదిరితే అది వెయ్యి. ఇంట్లో తిండి గింజలకి వేసుకునే అరెకరంలో మాత్రం జింక్ రకం వెయ్యి, విత్తనం పరిశోధన సంస్థ నుంచో వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచో తెచ్చుకో అని. ఇంకో మాట, పొలంలోనే జింక్ లేకపోతే ఏ రకమైనా ఎక్కడి నుంచి తెస్తుంది? నారు నాటాక ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చే పొలమైతే జింక్ సల్ఫేట్ సంగతి ముందు చూసుకోవాలి.

ప్రోటీన్ పెంచిన వరి కూడా ఉంది. కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చిన సీఆర్ ధాన్ 310లో 10.3 శాతం. మామూలు బియ్యంలో 7, 8 ఉంటుంది. బాగానే ఉంది గానీ, పప్పు వండే ఇంట్లో ప్రోటీన్ కోసం బియ్యం చుట్టూ తిరగక్కర్లేదు.

ఇనుము: వరి చేతులెత్తేసిన చోట

అమ్మ చాటలోని గింజల కథ ఇక్కడుంది. జింక్ విషయంలో వరి జాతి ఉదారంగా ఉంది, ఇనుము దగ్గర పిసినారి. తవుడులో ఇనుము ఉంటుంది, కానీ పాలిష్ పట్టాక గింజలో మిగిలేది చాలా తక్కువ. ఇనుము బాగా నిలిచే రకం కోసం వెతికితే సంకరానికి పనికొచ్చేంత తేడా దొరకలేదు. జన్యు మార్పిడితో మాత్రం సాధ్యమైంది. 2016లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సోయా నుంచి ఒక జన్యువు, వరిదే ఇంకో జన్యువు పెట్టిన వరిని పొలంలోనే పండించి, పాలిష్ పట్టాక కూడా కిలోకు 15 మిల్లీగ్రాముల ఇనుము, 45 మిల్లీగ్రాముల జింక్ చూపించారు. అది పరిశోధన ఫలితం. మీరూ నేనూ కొనుక్కునే సరుకు కాదు.

కొనుక్కోగలిగింది, అసలు కొనకుండానే కోటాలో వచ్చింది ఫోర్టిఫైడ్ బియ్యం. బియ్యాన్ని పిండి చేసి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్లు కలిపి, యంత్రంలో మళ్ళీ గింజ ఆకారంలో తీస్తారు. అలాంటి గింజ ఒకటి, మామూలు గింజలు వంద, ఇదీ పాళ్ళు. అమ్మ గిన్నెలో అవి అంత తక్కువగా ఉండటానికి కారణం అదే. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించాక, 2024 నాటికి రేషన్, మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలన్నిటికీ ఇదే ఇవ్వాలని దశలవారీగా తెచ్చారు.

నిబంధన ప్రకారం ఈ బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. కోటా మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 165 గ్రాముల చిల్లర. దాని నుంచి వచ్చే ఇనుము 4.6 నుంచి 7 మిల్లీగ్రాములు. ఆడవాళ్ళకి రోజుకు కావాల్సింది 29. అందులోనూ తిన్నదంతా ఒంటికి పట్టదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తక్కువ పడుతుంది, నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ అంకెలు చూస్తే ఇచ్చే ఆ కాస్తా వద్దనడానికి నోరు రాదు. కానీ రక్తం తక్కువగా ఉన్న ప్రతి మనిషికీ కారణం ఇనుమే కాదు. బీ12 లోపం కావచ్చు, కడుపులో పురుగులు కావచ్చు, ఎప్పటి నుంచో ఉన్న ఇన్ఫెక్షన్ కావచ్చు. కోటా బియ్యం తింటున్నాం కదా అని పరీక్ష మానుకోకూడదు.

జాగ్రత్త పడాల్సినవాళ్ళు ఉన్నారు. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకి ఒంట్లో ఇనుము పేరుకుపోవడమే అసలు సమస్య. అలాంటి ఇంట్లో ఈ బియ్యం గురించి డాక్టర్‌ని అడిగి తీరాలి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళ విషయంలోనూ అంతే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. ఒకప్పుడు బస్తా మీద ఈ హెచ్చరిక ఉండాలన్న నిబంధన ఉండేది, 2024లో దాన్ని తీసేశారు. తీసేసినా అడగడంలో నష్టం లేదు.

నా అభ్యంతరం గింజల మీద కాదు, చెప్పకుండా కలిపినందుకు. డీలర్ దగ్గర చిన్న కాగితం అంటించి "ఈ గింజలు ఏరకండి, ఇవి బలం గింజలు" అని రాసుంటే, మా అమ్మ రెండేళ్ళు ఓపిగ్గా ఏరి పారబోసేది కాదు. సర్కారు ఖర్చు పెట్టి కలిపిందంతా మా ఇంట్లో పెంటకుప్ప మీదకి పోయింది. ఎన్ని ఇళ్ళలో ఇలా పోతోందో!

అయితే ఇనుము కోసం బియ్యంతోనే కుస్తీ పట్టాలా? సజ్జలున్నాయి. పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మామూలు సంకరంతో తెచ్చిన ధనశక్తి రకం 2012లో మహారాష్ట్రలో, తర్వాత దేశమంతటికీ విడుదలైంది. కిలోకు 71 మిల్లీగ్రాముల ఇనుము. అంటే ఫోర్టిఫైడ్ బియ్యం పై హద్దు కంటే కూడా ఎక్కువ, ఏమీ కలపకుండానే. మహారాష్ట్రలో బడి పిల్లలకి ఆరు నెలలు ఇనుము ఎక్కువున్న సజ్జ రొట్టెలు పెట్టి చూస్తే, మొదట్లో ఇనుము లోపం ఉన్న పిల్లలు దాని నుంచి బయటపడే అవకాశం మామూలు సజ్జ తిన్నవాళ్ళ కంటే 1.6 రెట్లు కనిపించింది. సజ్జలో ఇనుమును పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువే, అది దాని లోపం. నానబెట్టినా, పులియబెట్టి అంబలి కాచినా అవి తగ్గుతాయి. మన పెద్దవాళ్ళు చేసింది అదేగా.

ఇనుము వరకు నా తీర్పు ఇది. రేషన్‌లో ఈ గింజలు వస్తే ఏరకుండా తినండి, వారానికి మూడు నాలుగు పూటలు సజ్జకి మారండి. జీఎం వరి కోసం ఎదురు చూడాల్సిన పని లేదు.

విటమిన్ ఏ: బంగారు బియ్యం పాతికేళ్ళ ప్రయాణం

మరదలు చూపించిన పసుపు బియ్యం పేరు గోల్డెన్ రైస్. జన్యు మార్పిడికి నిజమైన అవసరం కనిపించేది ఇక్కడే. ఒంట్లోకి వెళ్ళి విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ వరి ఆకులో ఉంటుంది. మనం తినే తెల్ల గింజలో ఏ రకంలోనూ ఉండదు. లేనిదాన్ని సంకరంతో తేలేం. స్విట్జర్లాండ్‌లో ఇంగో పోట్రికస్, జర్మనీలో పీటర్ బయర్ కలిసి డాఫొడిల్ పువ్వు మొక్క నుంచి ఒక జన్యువు, మట్టిలో ఉండే బాక్టీరియా నుంచి ఒకటి తీసుకుని వరిలో పెట్టారు. 2000లో ఆ పరిశోధన పత్రం వచ్చింది. అప్పటి గింజలో గ్రాముకు 1.6 మైక్రోగ్రాముల కెరోటిన్లే. 2005లో డాఫొడిల్ జన్యువు బదులు మొక్కజొన్న జన్యువు పెడితే 37 వరకు వెళ్ళింది.

ఇంతటితో అయిపోయిందనుకుంటాం. కాలేదు. జన్యువు వెళ్ళి మొక్క క్రోమోజోములో ఎక్కడ కూర్చుంటుందో మన చేతిలో ఉండదు. దీనికి మనకి బాగా దగ్గరి ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, దేశమంతా పండే రకం. ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు ఒక బంగారు వరి వరుస (ఒకే జన్యు మార్పు నుంచి వచ్చిన సంతతి) నుంచి ఆ లక్షణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. గింజ పసుపైంది. మొక్క మాత్రం గిడసబారి, ఆకులు పాలిపోయి, దిగుబడి పడిపోయింది. విప్పి చూస్తే, తెచ్చి పెట్టిన జన్యువు వెళ్ళి వరి ఎదుగుదలకి కావాల్సిన ఆక్సిన్ అనే హార్మోన్‌కి సంబంధించిన జన్యువు మధ్యలో కూర్చుంది. 2017లో వాళ్ళే ఈ సంగతి ప్రచురించారు. 'జీఎం అంటే విషం' అనేవాళ్ళు, 'జీఎం అంటే సర్వరోగ నివారిణి' అనేవాళ్ళు ఇద్దరూ చదవాల్సిన పేపర్ ఇది. విషం ఏమీ లేదు, కానీ రైతు వేసుకునే మొక్క కూడా కాలేదు. తర్వాత ఫిలిప్పీన్స్ ఇలాంటి ఇబ్బంది లేని ఇంకో వరుసతో ముందుకెళ్ళింది.

తినడానికి క్షేమమేనా అన్న ప్రశ్నకి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికా నియంత్రణ సంస్థలు 2017, 2018లో పరిశీలించి అభ్యంతరం లేదన్నాయి. 2021 జులైలో ఫిలిప్పీన్స్ సాగుకి అనుమతిచ్చిన తొలి దేశమైంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీళ్ళ కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. ఏడాదికి 10 వేల డాలర్లలోపు సంపాదించే రైతుకి విత్తనం మీద రాయల్టీ లేదు, దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. అంటే 'కంపెనీల కుట్ర' అనే మాట ఇక్కడ అంతగా అతకదు. అలాగని అనుమానాలన్నీ ఊరికే పుట్టలేదు. 2008లో చైనాలో పిల్లలకి ఈ అన్నం పెట్టి చేసిన పరీక్షలో అది జీఎం బియ్యమని తల్లిదండ్రులకి సరిగా చెప్పలేదని తేలింది. 2015లో ఆ పత్రాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. చెప్పకుండా పెట్టడం అనే జబ్బు మన రేషన్ షాపుకే పరిమితం కాదన్నమాట.

మన దేశంలో గోల్డెన్ రైస్ దొరకదు, సాగుకి అనుమతి లేదు. ఇక్కడ వాణిజ్యపరంగా పండే జీఎం పంట బీటీ పత్తి ఒక్కటే, 2002 నుంచి. (జీఎం వాసనే తగలనివ్వం అనేవాళ్ళు పత్తి గింజల నూనె సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.) కాబట్టి మరదలికి నేను చెప్పిన జవాబు చాలా చప్పగా ఉంది. మునగాకు పప్పు, తోటకూర, బొప్పాయి, గుడ్డు, అన్నంలో ఒక చెంచా నెయ్యి. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఏ సిరప్ ఏ ఒక్కటీ తప్పకూడదు.

సంకరంలో గోల్డెన్ రైస్‌కి పోటీ ఉందంటే అది నారింజ రంగు చిలగడదుంప. మొజాంబిక్, ఉగాండాల్లో తెల్ల దుంప తినేవాళ్ళకి దీన్ని అలవాటు చేశారు. ఆ పని చేసిన ముగ్గురికి, పంటల్లోనే పోషకాలు పెంచాలన్న ఆలోచనని ప్రపంచమంతా తిప్పిన హోవార్త్ బూయిస్‌కి కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. తిరువనంతపురంలోని దుంప పంటల సంస్థ తెచ్చిన భూ సోనాలో 100 గ్రాములకి 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ఉడకబెట్టిన చిన్న ముక్కతో పాపకి ఆ రోజు విటమిన్ ఏ అవసరం గడిచిపోతుంది. విత్తన తీగ దొరికితే పెరట్లో పెట్టుకోవచ్చు. నేనైతే బంగాళాదుంప పీకేసి ఇది పెడతాను.

మరి గోల్డెన్ రైస్ వద్దా అంటే, వద్దనను. మూడు పూటలా ఉత్త అన్నమే తినే ఇంట్లో, ఆకుకూర కొనలేని చోట, రోజూ తినే అన్నంలోనే ఆ విటమిన్ ఉండటాన్ని మించిన ఉపాయం లేదు. నాకైతే అది పరీక్షలన్నీ దాటి బజారుకొస్తే వండుకోవడానికి భయం లేదు. కానీ పాపకి ఇప్పుడు రెండేళ్ళు, దానికి విటమిన్ ఈ ఏడాది కావాలి.

జీన్ ఎడిటింగ్, ఇంకో గందరగోళం

జీన్ ఎడిటింగ్ గురించి ఇప్పటికి చెప్పుకోవాల్సింది తక్కువే. 2022 మార్చిలో కేంద్రం బయటి జన్యువు లేని ఎడిటింగ్ పంటలకి జీఎం కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో రాజేంద్రనగర్ సంస్థే మన సాంబ మసూరిని సవరించి డీఆర్ఆర్ ధాన్ 100, కమల అనే రకాన్ని ప్రకటించింది. అది దిగుబడి కోసం, తొందరగా కోతకి రావడం కోసం చేసింది. పోషకాల కోసం కాదు. 'ఎడిట్ చేసిన బియ్యం బలం' అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

అలాగే షుగర్ ఉన్నవాళ్ళు అడిగే తెలంగాణ సోనా, మెరుగైన సాంబ మసూరి అనే వరి రకాలు. వీటి గొప్ప గ్లైసీమిక్ సూచీ తక్కువగా ఉండటం, 51 దగ్గర్లో. అన్నం తిన్నాక చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అంతేగానీ వీటిలో ఇనుమో జింకో పెంచలేదు. పళ్ళెం నిండా తింటే ఆ లాభమూ ఉండదు.

ఇంటికి తిరిగొచ్చాక అమ్మకి ఫోన్ చేస్తే, గింజలు ఏరడం మానేసిందట. గంజి మాత్రం ఇంకా వారుస్తోంది. నీళ్ళలో కరిగే ఫోలిక్ యాసిడ్, బీ12 కొంత అందులోనే పోతాయని చెప్పాను. వార్చకుండా అత్తెసరు పెట్టుకో, లేదంటే ఆ గంజి పారబోయకుండా ఉప్పు, నిమ్మకాయ పిండుకుని తాగమన్నాను. ధనశక్తి అని అడిగితే కొట్టువాడు తెల్లమొహం వేశాడట, మామూలు సజ్జలే కొంది. పర్లేదు, మామూలు సజ్జలో కూడా పాలిష్ బియ్యం కంటే ఇనుము ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ నెలకి సరిపడా ఒకేసారి పిండి పట్టించిందట, పదో రోజుకే రొట్టె చేదెక్కింది. సజ్జ పిండిలోని నూనె తొందరగా పాడవుతుంది. గింజలు డబ్బాలో ఉంచుకుని, వారానికి సరిపడా పట్టించుకోవాలి.